మంగతాయారు ఉప్పు నాలుక

పాలకొల్లులో పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే మంగతాయారుకి, ఎవరేం చెప్పినా "నాకు తెలుసులే" అనే మొండితనం ఉండేది.

సీసాలు పెట్టుకోడానికి ఓ పాత గోదాం అద్దెకి తీసుకుంది. దాన్నిండా గబ్బిలాలు. "ముక్కుకి గుడ్డ కట్టుకో అక్కా" అంది తోడికోడలు రత్నకుమారి. "నాకు తెలుసులే" అంటూ గబ్బిలాల పెంటంతా దుమ్ము లేచేలా ఊడ్చేసింది.

కొన్ని నెలలకి మనిషి చిక్కిపోయింది. అరచేతి గీతలు నల్లబడ్డాయి. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. అన్నిటికన్నా వింత, ఉప్పు! ఆవకాయ కలిపి రుచి చూసి, "చప్పగా ఉంది" అని ఇంకో గుప్పెడు వేసేది. అమ్మిన సీసాలన్నీ తిరిగొచ్చేశాయి.

"నీ నాలుక చచ్చిపోయిందక్కా. ఈ ఆవకాయ సముద్రంలో ముంచి తీసినట్టుంది!" అంది రత్నకుమారి.

"నా నాలుకనే అంటావా? మన అత్తగారే మెచ్చుకున్న నాలుక ఇది!"

ఆ మాటంటూనే ఆవకాయ బేసిన్ పక్కన కుప్పకూలింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ నల్లటి గీతలు చూసింది. స్కానింగ్ తీయించి, సూదితో కడుపు లోపల్నించి కాస్త ముక్క తీసి పరీక్షకి పంపింది. తర్వాత చెప్పింది: "కిడ్నీల మీద అడ్రినల్ గ్రంథులని ఉంటాయమ్మా. ఒంట్లో ఉప్పు పోకుండా చూసేవి అవే. గబ్బిలాల పెంటలో ఉండే ఫంగస్ ఊపిరితో లోపలికెళ్ళి వాటిని పాడుచేసింది. అందుకే నీ ఒళ్ళు ఉప్పు అడుగుతోంది."

మంగతాయారు మంచం మీంచే తలెత్తింది. "విన్నావే రత్నం? నా నాలుక అబద్ధం చెప్పలేదు!"

ఫంగస్‌కి మందు, దాంతోపాటు రోజూ స్టెరాయిడ్ మాత్ర రాసింది డాక్టరమ్మ. "ఆ గ్రంథులు చెయ్యాల్సిన పని ఇక ఈ మాత్రే చేస్తుంది. నన్నడక్కుండా ఇది ఆపకూడదు" అంది.

ఇంటికొచ్చాక ఆ మాత్ర పేరు విని రత్నకుమారి గుండెలు బాదుకుంది. "స్టెరాయిడా! ఎముకలు గుల్లైపోతాయక్కా, ఆపెయ్. జన్మలో ఒక్కసారైనా ఒకరి మాట విను!"

పాపం, ఆ ఒక్కసారీ విని మాత్ర ఆపేసింది. వారం తిరక్కుండా వాంతులు పట్టుకున్నాయి, బీపీ పడిపోయింది, మళ్ళీ ఆసుపత్రి. చావు అంచుదాకా వెళ్ళి బతికింది.

ఇంటికి తిరిగొచ్చిన రోజు, వీధి వీధంతా చూస్తుండగా మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. "గుడ్డ కట్టుకోమంటే వినలేదు, అది నా తప్పు. మాత్ర ఆపమంటే విన్నాను, అదీ నా తప్పే. ఇక నుంచి ఆవకాయలో ఉప్పు నువ్వు చూడవే రత్నం. నా మాత్ర జోలికొచ్చావో, ఆ ఆవకాయలోనే ఊరేస్తాను!"

రత్నకుమారి నవ్వలేక ఏడవలేక గరిటె అందుకుంది.

అంచేత వినండమ్మా, ఒళ్ళు వింతగా ఏదడిగినా డాక్టరుకి చూపించుకోవాలి. ఆ డాక్టరు ఆపమనేదాకా, అయినవాళ్ళు ఎంత ప్రేమగా చెప్పినా సరే, మందు మాత్రం ఆపకూడదు.