లేని మూడు వందల అడుగులు

దస్తగిరి మాస్టారిని ప్రశ్న అడగడమంటే పని కొనితెచ్చుకోవడమే. జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "ఆ వైరు పట్టుకో" అనో, "ఈ పూటకు నా పక్కన కూర్చో" అనో అంటారు. సాయంత్రానికి అడిగినవాడికి జవాబు దొరకవచ్చు, లేదా తాను అడిగిందేమిటో మరిచిపోనూవచ్చు. చిన్న విమానాల్లో పైలటు ఎదురుగా ఉండే మీటర్లు, రేడియోలు, దారి చూపే పెట్టెలు బాగుచేయడంలోనే ఆయన జీవితం గడిచింది. చేతులు వణుకుతున్నాయని ఆయన స్క్రూడ్రైవరు పట్టడం మానేశారు గానీ, శిష్యులు ఆయన్ను మానలేదు. కర్నూలు దాటాక ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు ఎప్పుడో వేసుకున్న చిన్న రన్‌వే, దాని పక్కన రేకుల షెడ్డు ఉన్నాయి. ఆయన ఆశ్రమం అదే. జపమాలలు ఉండాల్సిన చోట వైరు చుట్టలు వేలాడుతుంటాయి.

ఒక ఉదయం ఆ షెడ్డులోకి శిష్యుడు మద్దిలేటి వచ్చి, నమస్కారం కూడా సరిగ్గా పెట్టకుండా అడిగాడు. "మాస్టారూ, యంత్రం ఒకటి చెప్పి, మనిషి ఇంకొకటి చెప్తే ఎవర్ని నమ్మాల?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, "ఏ యంత్రమప్పా? ఏ మనిషి?" అన్నారు. మామూలుగా ఆయన అంతమాత్రం కూడా అడగరు. శిష్యుడి ముఖం చూసి అడిగి ఉంటారు. మద్దిలేటి సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది.

మనిషి ఇందుమతి గారు. నంద్యాల వైపు విత్తనాల వ్యాపారం ఆమెది. జుట్టు మొత్తం తెల్లబడింది గానీ, నాలుగు సీట్ల సొంత విమానంలో వారం వారం ఈ రన్‌వే నుంచే నల్లమల దాటి, అవతల ఉన్న తన విత్తనాల పొలాలకు పోయివస్తుంది. డ్రైవరును పెట్టుకోవచ్చు కదమ్మా అని ఎవరైనా అంటే, "నా కాళ్ళకు కూడా ఒక డ్రైవరును పెట్టుకోమంటారా?" అని నవ్వేస్తుంది. యంత్రం ఆ విమానంలోదే. పాత ముల్లు మీటర్లన్నీ ముసలివైపోయాయని, విడిభాగాలు దొరకడం లేదని, మద్దిలేటే ఆమెను ఒప్పించి వాటిని తీసేసి, వాటి స్థానంలో కొత్త తెర బిగించాడు. ఎత్తు, వేగం, దిక్కు, దారి అన్నీ అందులోనే రంగురంగుల్లో కనిపిస్తాయి. అది అతను సొంతంగా చేసిన మొదటి పెద్ద పని. కొత్త పెళ్ళికొడుకులా ఆ తెర ముందు నిలబడి ఫోటో కూడా దిగాడు.

కష్టాలు తర్వాత మొదలయ్యాయి. ఇందుమతి గారు కొండలు దాటి వచ్చి దిగుతుంది, చక్రాలు నేలకు ఆనుతాయి, తెర మాత్రం విమానం ఇంకా మూడు వందల అడుగుల ఎత్తులో ఉందని చూపిస్తుంది. నేల మీద ఉన్నప్పుడు అది నవ్వులాట. మంచు పట్టిన ఉదయం నల్లమల శిఖరాల మీద ఉన్నప్పుడు అదే మృత్యువు. లేని మూడు వందల అడుగులను నమ్ముకుని వెళ్తే కొండ ఎదురొస్తుంది. మద్దిలేటి చూస్తే, ఎత్తు అంకె కింద ఉన్న చిన్న గడిలో గాలి పీడనం అంకె మారిపోయి ఉంది. విమానం బయలుదేరేముందు ఆ రోజు పీడనం ఎంతో ఆ గడిలో పెట్టాలి. అది తప్పితే ఎత్తు లెక్కంతా తప్పుతుంది. ఆ గడిని వేలితో తాకితే అంకె ఒక మెట్టు పెరుగుతుంది. అందుకని అతను మర్యాదగానే అడిగాడు, గాలిలో ఉండగా దాన్ని ఏమైనా ముట్టుకున్నారా అని. "నేను ముట్టుకోలేదు నాయనా. బయలుదేరేటప్పుడు పెట్టిందే, మళ్ళీ దాని జోలికి పోలేదు" అంది ఆమె. అబద్ధమాడే మనిషి కాదు. సంతలో చచ్చు విత్తనాలు అమ్మినవాడి ముఖం మీదే "ఇవి చచ్చినవి" అని చెప్పిన మనిషి.

మద్దిలేటి తెరకు బయటి గాలి పీడనం అందించే గొట్టాలు ఊది చూశాడు. వైర్లు మార్చాడు. తెర తయారుచేసిన వాళ్ళను బతిమాలి మరో కొత్త తెర తెప్పించి బిగించాడు. ఒక కుర్ర పైలటును పిలిచి విమానాన్ని పైకి పంపితే, అంకె గీటు కూడా తప్పలేదు. మర్నాడు ఇందుమతి గారు ఎక్కితే మళ్ళీ మూడు వందలు. తాను పక్క సీటులో కూర్చుని, ఒళ్ళో పరీక్ష పెట్టె పెట్టుకుని కొండలు దాటి వచ్చాడు. పెట్టె చెప్పింది: పైపుల్లో గాలి సరిగ్గానే ఉంది. తెర చెప్పింది: మూడు వందలు. ఆమె చెప్పింది: ముట్టుకోలేదు. అతని బుర్ర గానుగెద్దులా తిరిగిన చోటే తిరిగింది.

ఇక మిగిలింది ఒకే ఒక్క అనుమానం. దాన్ని నోటితో అనడానికి అతనికి మనసొప్పలేదు. ఆమెకు వయసు మీదపడింది. ముట్టుకుంటోంది, ముట్టుకున్న సంగతి మరిచిపోతోంది. అదే నిజమైతే ఆమె ఇక విమానం ఎక్కకూడదు. ఆ మాట చెప్పాల్సింది తాను. చెప్పకుండా, అంతా బాగుందని సంతకం పెడితే, ఏదో ఒక ఉదయం ఆమె కొండకు కొట్టుకుంటుంది. చెబితే ఆ రోజే ఆమె రెక్కలు విరిచినవాడవుతాడు. ఆమె అంటే అతనికి ప్రేమ. అందుకే ఆ ఉదయం ఆ ప్రశ్న పట్టుకుని గురువు దగ్గరికి వచ్చాడు.

అంతా విని మాస్టారు, "ఆ యమ్మను రమ్మను" అన్నారు. అంతే.

ఇందుమతి గారు వచ్చేసరికి మద్దిలేటి మూతలన్నీ విప్పడానికి పనిముట్లు పరిచి పెట్టాడు. మాస్టారు ఒక్క మూత కూడా విప్పనివ్వలేదు. విమానాన్ని షెడ్డు నీడలోనే ఉంచి, ఇంజను వేయకుండా, బ్యాటరీతో తెర మాత్రం వెలిగించమన్నారు. ఆమెను తన సీటులో కూర్చోబెట్టి, తాను పక్క సీటులోకి ఎక్కి, తెరకు వీపు పెట్టి ఆమె వైపు తిరిగి కూర్చున్నారు. మద్దిలేటిని వెనక కూర్చోమన్నారు. వైద్యుడు నాడి పట్టకుండా రోగితో కబుర్లకు దిగినట్టు ఉంది వ్యవహారం. మద్దిలేటికి కోపం కూడా వచ్చింది.

"అమ్మా, ఆకాశంలో మీకెప్పుడన్నా భయమైందా?" అని అడిగారు మాస్టారు.

ఇందుమతి గారు నవ్వింది. "భయం లేకుండా ఎగిరేది కాకులే సాబ్. ఒకసారి మాత్రం..." అని చెప్పడం మొదలుపెట్టింది. ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకునే రోజుల్లో, ఒంటరిగా ఎగరడానికి కొత్తగా అనుమతి దొరికినప్పుడు, ఇదే నల్లమల మీద మబ్బుల్లో చిక్కుకుందట. కిటికీ బయట తెల్లగా, పాలగిన్నెలో పడ్డట్టు ఉందట. అది చెబుతుంటే ఆమె ఎడమ చెయ్యి ఎదుటి హ్యాండిలును పట్టుకుంది, కుడి చెయ్యి ఇంజను వేగం పెంచే కడ్డీ మీదికి పోయింది. గొంతు చిన్నదైంది. "మీటరు చూస్తే నాలుగు వేల అడుగులు. హమ్మయ్య, కొండలు కింద ఉన్నాయిలే అనుకుంటి. కానీ విమానం మెల్లగా దిగతాన్నట్టు కడుపులో తెలుస్తాంది. ముల్లు మాత్రం కదలదు. మా గురువు ఒక మాట చెప్పినాడు నాకు. అద్దాన్ని తట్టకుండా ముల్లును నమ్మొద్దు పాపా అని. తడితిని సాబ్. తడితే..."

కుడి చేతి చూపుడు వేలు కడ్డీ మీదినుంచి లేచి, తెర మీద ఎత్తు అంకె కింద టక్కున తట్టింది.

"తేమకు పట్టేసి ఉన్న ముల్లు గబుక్కున మూడు వందల అడుగులు కిందికి పడిపోయె! వెంటనే పైకి లాగేస్తి. మబ్బు సందులో చూస్తే కింద చెట్ల కొనలు, చెయ్యి చాపితే అందేటట్టు." ఆమె ఊపిరి పీల్చుకుంది. వేలు మళ్ళీ లేచి తట్టింది.

వెనకనుంచి మద్దిలేటి చూశాడు. పీడనం అంకె ఒక మెట్టు పెరిగింది, ఎత్తు అంకె ముప్పై అడుగులు ఎగిరింది. మళ్ళీ ఒక మెట్టు, మళ్ళీ ముప్పై. కొండలు దాటి వచ్చేలోపు పదిసార్లు తడితే మూడు వందలు. షెడ్డులో నేల మీద నిలబడి ఉన్న విమానం పైకి పోతూ ఉంది. అతనికి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుర్తొచ్చింది. తాను పక్కనే కూర్చుని కొండలు దాటిన రోజు కూడా ఆ వేలు తట్టింది. అతను చూశాడు. అయితే ఎదుటివాళ్ళు రెప్పలు కొట్టడాన్ని ఎవరు పట్టించుకుంటారు? ముల్లు మీటర్ల కాలం పైలట్లందరూ తడతారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత తన కోసమే పుట్టిందనిపించింది. తట్టినప్పుడు అంకె కొంచెం కదిలితే ఆమెకు అనుమానం రాకపోవడంలోనూ వింత లేదు. తడితే ముల్లు కదలడమే ఆమె జీవితమంతా చూసింది.

"అమ్మా, మీ వేలు" అన్నాడు.

ఆమె వేలు వైపు చూసుకుంది, తెర వైపు చూసింది. అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "ముట్టుకోలేదని నీకు చెప్తి కదా నాయనా" అంది.

"మీరు అబద్ధం చెప్పలేదమ్మా."

"అబద్ధం కాదు. మరి నిజం కూడా కాదాయె. దీన్నేమంటారు?" అని ఇద్దరినీ చూసింది. ఆమె కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంది. "మానుకుంటా. ఇంత చేసిన మనిషిని, ఒక వేలును అదుపులో పెట్టుకోలేనా?"

"మంచిదమ్మా. తర్వాత ఏమైందో చెప్పండి" అన్నారు మాస్టారు.

ఆమె చెప్పింది. మబ్బు విడిపోవడం, దూరంగా కృష్ణా నది మెరవడం, రన్‌వే కనబడగానే ఏడుపు రావడం. దిగుతున్న ఘట్టానికి వచ్చేసరికి రెండు చేతులూ ఎప్పుడో విడిపోయాయి. వేలు తన దారిన తాను పోయి తట్టింది. ఈసారి ఆమే ముందుగా చూసుకుంది. చింత చచ్చినా పులుపు చావదంటే ఇదే కాబోలని నవ్వబోయి, నవ్వలేక కిటికీ వైపు తిరిగింది. "అయితే నేను దిగిపోవాల్సిందేనా సాబ్?" అంది.

"అక్కర్లేదమ్మా, నాకు ఒక్క నిమిషం ఇవ్వండి" అని అతను ముందుకు వంగి, ఆ గడి తాకితే పలకకుండా, పక్కనున్న గుండ్రటి మీటను తిప్పితేనే మారేలా తెరను సరిచేశాడు. ఆమె తట్టి చూసింది. అంకె కదలలేదు. సమస్య తీరింది. మద్దిలేటి సంబరపడబోయాడు గానీ, ఆమె ముఖంలో సంబరం లేదు. ఇంకోసారి తట్టింది, మరోసారి తట్టింది. "ఇప్పుడిది గోడ మాదిరి ఉంది నాయనా. తడితే పలకదు. ఇది నిజం చెప్తాందో లేదో మబ్బులో నేనెవర్ని అడగాల?" అంది.

మద్దిలేటి గురువు వైపు చూశాడు. తెర తప్పు చెప్పదని, అందులో పట్టేసే ముల్లే లేదని, లోపల తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు ఉందని చెబుదామనుకున్నాడు. అవన్నీ నిజాలే. కానీ కాసేపటి క్రితం వరకు అదే తెర మూడు వందల అడుగుల నిజం కాని నిజం చెబుతూ ఉంది.

"గుండ్రటి ముల్లు మీటరు ఒకటి తెచ్చి, తెర పక్కన బిగించప్పా. అద్దం ఉండేది" అన్నారు మాస్టారు, మెల్లగా విమానం దిగుతూ.

అలాగే బిగించాడు. పరీక్షలన్నీ చేశాడు. చలికాలపు మంచులో ఇందుమతి గారు కొండలు దాటి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చి దిగింది. మద్దిలేటి పరుగెత్తుకుంటూ వెళ్ళి తొంగిచూశాడు. తెరా, ముల్లూ ఒకే ఎత్తు చెబుతున్నాయి, అది రన్‌వే ఎత్తే. మీటరు అద్దం మీద వేలిముద్రలు ఉన్నాయి, తెర మీద ఒక్కటీ లేదు. అతను తృప్తిగా సంతకం పెట్టి, గురువు దగ్గరికి నడిచాడు. నడుస్తున్నంతసేపూ తృప్తి కరుగుతూ వచ్చింది, పాత తికమక మళ్ళీ మొదలైంది. యంత్రం తనలో పెట్టిన అంకె ప్రకారం నిజమే చెప్పింది. మనిషి తనకు తెలిసినంతవరకు నిజమే చెప్పింది. ఇద్దరినీ నమ్మి ఉంటే ఆమె చచ్చిపోయేది. ఇద్దరినీ అనుమానించి ఉంటే తాను ఆమెను ఇంట్లో కూర్చోబెట్టేవాడు.

"మాస్టారూ, ఒక్క మాట చెప్పండి" అన్నాడు షెడ్డు గుమ్మంలో నిలబడి. "ఆ తట్టే అలవాటు మంచిదనాల్నా, చెడ్డదనాల్నా?"

దస్తగిరి మాస్టారు రన్‌వే వైపు చూశారు. అక్కడ ఇందుమతి గారు తన విమానం చుట్టూ తిరుగుతూ, కూలీలతో ఏదో చెప్పి గట్టిగా నవ్వుతోంది.

"నాకేం తెలుసప్పా" అన్నారాయన. "ఆ యమ్మ మాత్రం, ఆ కథ మనకు చెప్పేకి బతికి ఉండాది."