అప్పయ్యమ్మ చదివిన పురికొస

అన్యాయం జరిగింది కోరాడ అప్పయ్యమ్మకి. జరిగిన రోజు 2011 ఫిబ్రవరి 9, బుధవారం. ఆ వేళప్పుడు ఆమె చోడి పరిశోధన కేంద్రంలో వంచిన నడుం ఎత్తకుండా కలుపు తీస్తోంది. తనకి అన్యాయం జరుగుతోందని ఆమెకి తెలీదు. చేస్తున్నవాడికీ తెలీదు. వాడు గురుభక్తిలో ఉన్నాడు.

వాడి పేరు ధనుంజయ. అనసూయ మేడమ్ దగ్గర నాలుగేళ్ళుగా పరిశోధన విద్యార్థి. చోడికి, అంటే రాగికి, వచ్చే అగ్గి తెగులు మీద పని. ఊరి చోడి ఐదు మళ్ళు, కొత్త వంగడం ఐదు మళ్ళు వేసి, దేనికి తెగులు ఎక్కువో చూశాడు.

చూశాడు అనడం మర్యాద కోసం. మూడు నెలలు పొద్దున్నే బురదలో దిగి కంకి కంకీ తిప్పి చూసింది అప్పయ్యమ్మ. ఆమెకి అక్షరాలు రావు. మడికొక పురికొస పెట్టుకుని, తెగులు తగిలిన కంకికి ఒక ముడి వేసేది. పంట కోశాక ఆ పది పురికొసలూ షెడ్డులో మేకులకి తగిలించి, కూతురి పురుడికని ఊరెళ్ళింది. ధనుంజయ ఒక ఆదివారం వచ్చి ముళ్ళు లెక్కపెట్టుకుపోయాడు. ఆమె తిరిగొచ్చాక ఒక మాట అడగాలని వాడికి తోచలేదు.

వ్యాసం రాశాడు. మొదటి పేరు అనసూయ మేడమ్‌ది వేశాడు, రెండోది తనది, మూడోది పొలానికి జీపు ఇప్పించిన పై అధికారిది. మేడమ్‌కి చూపించకుండానే ఆ బుధవారం పత్రికకి పంపేశాడు. ఏప్రిల్ నెలాఖరుకి ఆవిడ రిటైరవుతోంది. అచ్చుకి తీసుకున్నామన్న ఉత్తరం ఆలోగా వస్తే, శాలువాతో పాటు ఆవిడ చేతిలో పెట్టి కాళ్ళకి దండం పెడదామని వాడి ఆశ. గురుదక్షిణ అన్నమాట. ఇంకొకరి నడుం నొప్పితో.

ఉత్తరం వచ్చింది. వాడు స్వీటు డబ్బా పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళాడు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని వ్యాసం మొదటి నుంచి చివరికంటా చదివింది. డబ్బా వైపు చూడలేదు.

"ఈ వాక్యం ఏమిటి ధనుంజయా? 'లెక్కలన్నీ రచయితలే స్వయంగా తీశారు.'"

"అలా రాయడం మామూలే మేడమ్."

"నేను తీశానా?"

"మీరు నా గురువు. మీ పేరు లేకుండా నా పేరు ఎలా వేసుకుంటాను?"

"గుళ్ళో పూజకి చదివించినట్టు నా పేరు చదివించావన్నమాట. గోత్రం కూడా వెయ్యాల్సింది."

వాడు నవ్వలేదు. మే 12న వాడికి ఉద్యోగం ఇంటర్వ్యూ. పత్రిక ఉత్తరం జత చెయ్యకపోతే దరఖాస్తు పక్కన పడేస్తారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

మేడమ్ లేచి గొడుగు తీసుకుంది. "డబ్బా తీసుకుని రా."

షెడ్డులో అప్పయ్యమ్మ విత్తనాలు చెరుగుతోంది. మేడమ్ ఆమె ఎదురుగా గోనెసంచి పరుచుకుని నేల మీద కూర్చుంది. పక్కన చోటు చూపిస్తే ధనుంజయ కూడా కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి చాపి మేకు మీంచి ఒక పురికొస తీసి అప్పయ్యమ్మకి అందించింది.

"అప్పయ్యమ్మా, ఇది మాకు చదివి వినిపించు."

"నేను సదవడమేటి మేడమ్‌గోరూ, పొద్దున్నే ఎకసక్కేలు."

"నీ రాత నువ్వే చదవాలి. మాకు రాదు."

అప్పయ్యమ్మ చేట పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, పురికొసని వేళ్ళ మధ్య పట్టుకుంది.

"ఇది దారి పక్క మడి. ఊరి చోడి. ఈ ముడేమో వినాయక చవితి ఎల్లిన మూడో రోజు. మెడకాడ నల్లగా మాడిపోయింది కంకి. ఇది దాని పక్కదే." వేళ్ళు కదులుతూ పోయి ఒక చోట ఆగాయి. "ఇక్కడ్నుంచి జంట ముళ్ళు. ఇవి తెగులు గాదు. దడి తోసుకుని ఎర్రావు వొచ్చీసింది గదా ఆ వారం. అది ఇరిసేసిన కంకులివి. లెక్కలో కలపకూడదని జంటగా ఏసినాను."

"అవి ఎన్ని?" అన్నాడు ధనుంజయ.

"ఇరవై మూడు. కావలిస్తే సూసుకో బాబూ."

వాడు ఒక్కో జంటని రెండు తెగులు కంకులుగా లెక్కేశాడు. ఊరి చోడికి ఎనభై ఆరు అని పత్రికకి వెళ్ళింది. ఉన్నవి నలభై. కొత్త వంగడానికి ఇరవై ఏడు. కొత్తదానికి మూడో వంతు తెగులు కూడా రాదని వ్యాసంలో జబ్బలు చరుచుకున్నాడు. నిజానికి మూడింట రెండొంతులు వచ్చింది.

అప్పయ్యమ్మ వాడి మొహం చూసింది.

"ఆవు సేసిన పనికి తెగుల్ని తిట్టీసినావేటి బాబూ? నన్నడిగితే సెప్పీదాన్ని గదా."

మేడమ్ వ్యాసం మోకాలి మీద పెట్టుకుని తన పేరు కొట్టేసింది. జీపు అధికారి పేరూ కొట్టేసింది. కలం ధనుంజయ చేతికిచ్చింది.

"ఇంటర్వ్యూ మే పన్నెండున మేడమ్."

"తెలుసు."

"ఇది ఎవరూ కనిపెట్టలేరు."

"ఇప్పటికే ముగ్గురం కనిపెట్టాం."

బయట ఎవరో మోటారు వేశారు. నీళ్ళు కాలవలో పడ్డాయి.

"నా పేరు కూడా కొట్టెయ్యమంటారా?"

"ఇది చదవడం వచ్చాక నువ్వే చూసుకో. ఇంకా తొమ్మిదున్నాయి."

ఆవిడ డబ్బా అప్పుడు విప్పింది. అప్పయ్యమ్మకి ఒకటి పెట్టి, తనొకటి నోట్లో వేసుకుని, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

ధనుంజయ సాయంత్రందాకా అక్కడే కూర్చున్నాడు. తప్పు చదివినప్పుడల్లా అప్పయ్యమ్మ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "కంటితో గాదు, ఏలితో సూడు."

మర్నాడు పత్రికకి రాశాడు: లెక్క తప్పు, తప్పు నాది, వ్యాసం ఆపండి. సరిచేసి పంపితే మళ్ళీ చూస్తామని వాళ్ళు జవాబిచ్చారు. ఉద్యోగం వేరొకరికి వచ్చింది. మే 12న వాడు షెడ్డులో కొత్త పురికొసలు కోస్తున్నాడు.

ఆ వానాకాలం అవే పది మళ్ళు మళ్ళీ వేశారు. ఈసారి బురదలో వంగినవాళ్ళు ఇద్దరు.

కొత్త వ్యాసం రాసి, ముక్క ముక్కా తెలుగులో అప్పయ్యమ్మకి చెప్పాడు. ఆమె రెండు చోట్ల ఆపింది. ఒక చోట వాడే ఒప్పు, ఇంకో చోట ఆమె.

"నీ పేరు కూడా వేస్తానమ్మా."

"నా పేరెందుకు బాబూ? రేప్పొద్దున్న తప్పొస్తే నన్ను కూడా అడుగుతారేటి?"

"అడుగుతారు."

ఆమె చేతిలో చేట కింద పెట్టింది.

"అడిగితే సెప్తాను. ఎయ్యి."

వ్యాసం అచ్చయింది. అనసూయ మేడమ్ పేరు చివర్లో, కృతజ్ఞతల్లో ఉంది, జీపు పక్కన. పైన రెండే పేర్లు: బి. ధనుంజయ, కోరాడ అప్పయ్యమ్మ. వాటి కింద, ప్రతి వ్యాసానికీ వేసే చిన్న అక్షరాల్లో: మొదట అందిన తేదీ, 2011 ఫిబ్రవరి 9; సవరించిన ప్రతి అందిన తేదీ, 2011 నవంబర్ 23.