గడపలో జావగిన్నె

కరీముల్లా బాబా ఆస్పత్రి నుంచి దర్గా పక్కన తన గదికి వచ్చారు గానీ, తిండి ముట్టడం లేదు. శిష్యుడు దస్తగిరికి కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

కాలేయానికి రక్తం తెచ్చే నాళం ఒకటి మూసుకుపోయి, కాలేయంలో కొంత భాగం చచ్చుబడిందని డాక్టరమ్మ చెప్పింది. "రక్తం రావడానికి పేగుల వైపు నుంచి రెండో దారి ఉంది కాబట్టి బతికారు. బాగా తింటే మిగిలింది కోలుకుంటుంది" అని ధైర్యం కూడా చెప్పింది.

ఆ మాట పట్టుకుని దస్తగిరి కాపలా మొదలెట్టాడు. జనం వస్తే గురువు అలసిపోతారని తలుపుకు గడియ పెట్టాడు. జావ తనే కాచి, తనే వడగట్టి, మంచం దగ్గరికి తెచ్చేవాడు. ప్రేమే, కాదనలేం. తనలాగా ఇంకెవరూ చూసుకోలేరన్న గర్వం కూడా కాస్త ఉంది.

ఆ దర్గాలో ఒక పద్ధతుంది. ఎవరూ ఒంటరిగా తినరు. పెద్ద పళ్లెంలో అన్నం పోస్తే, వచ్చినవాళ్లంతా చుట్టూ కూర్చుని అందులోనే తింటారు. బాబా జీవితమంతా అలాగే తిన్నారు. జబ్బు మనిషికి పద్ధతులేమిటని దస్తగిరి ఆ పళ్లెం అటకెక్కించాడు.

జావ చల్లారిపోయేది. బాబా కళ్లు లోతుకు పోయాయి.

"నా మీద కోపమా బాబా? తినకుంటే ఎట్లా బతుకుతారు?" దస్తగిరికి ఏడుపొచ్చింది.

"కోపం లేదురా. ఆకలైతాంది. గొంతు దిగల్యా."

అంతలో ఎవరో తలుపు తట్టారు.

"బాబాకు బాగలేదు, పో" అని దస్తగిరి కసిరాడు.

"నేనప్పా, మండీలో మూటలు మోసే ఎల్లప్పను. ఒకసారి చూసి పోదామని వచ్చినా."

బాబా మంచం దిగారు. ఒక చేత్తో జావగిన్నె, ఇంకో చేత్తో గోడ పట్టుకుని నడిచారు. గడియ తీసి గడపలోనే చతికిలబడ్డారు. చెమటతో తడిసిన ఎల్లప్పను పక్కన కూర్చోబెట్టుకుని గిన్నె మధ్యలో పెట్టారు.

"ఒక దారి దేవుడు మూసినాడు దస్తగిరీ. రెండోది నువ్వు మూస్తివి గదరా" అన్నారు మెల్లగా.

ఎల్లప్ప మొహమాటపడుతూనే ఒక గుక్క తాగాడు. "ఉప్పే ల్యాకపాయె" అన్నాడు.

బాబా నవ్వారు. గిన్నె అందుకుని తాగారు. అతనికిచ్చి, మళ్లీ తీసుకుని తాగారు.

దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గు కూడా వేసింది.

"ఇంకాస్త కాచుకొస్తా బాబా" అంటూ లోపలికి తిరిగాడు.

"అదుండనీ. నువ్వేమన్నా తింటివా?" అన్నారు బాబా, జరిగి చోటిస్తూ.