శాంతి పేరుగల పెద్దబాతు

పోలండులో ఒక కొండమీది మఠం. అక్కడ ఇరవయ్యేళ్ళుగా వడ్రంగం చేస్తున్న మిరోస్వాఫ్ అనే సన్యాసి వయసు మళ్ళినవాడు. చదువు అంతంత మాత్రం. రాయడం వచ్చిందల్లా తన పేరొక్కటే. ఆ పేరు మాత్రం తను చేసిన ప్రతి కుర్చీ కిందా చెక్కేవాడు.

ఒకనాడు దారినపోయే పండితుడొకడు ఆగి, ఆ పేరుకు అర్థం చెప్పిపోయాడు.

"మిర్ అంటే శాంతి. స్వావా అంటే కీర్తి. స్లావులు క్రైస్తవం పుచ్చుకోక ముందునుంచీ ఉన్న పేరు నాయనా ఇది."

అంతే, మఠానికి శాంతి కరువైంది.

అక్కడ పేర్లు తుంచి ముద్దుగా పిలవడం మామూలే. మిరోస్వాఫ్‌ని ఇన్నాళ్ళూ అందరూ మిరెక్ అనేవాళ్ళు. ఇప్పుడలా అంటే ఊరుకోడు. "మిరెక్, చారు చల్లారిపోతోంది రావయ్యా" అన్నందుకు వంటాయనతో నాలుగు నెలలు మాటలు మానేశాడు. చారు మాత్రం మానలేదు.

మిరోస్వాఫ్ పేరు పండగ, అంటే ఆ పేరున్నవాళ్ళకి ఏటా వచ్చే రోజు, దగ్గరపడింది. ఆ దేశంలో పుట్టినరోజు కంటే అదే పెద్ద పండగ. మిరోస్వాఫ్ మఠాధిపతి దగ్గరకెళ్ళాడు.

"గురువుగారూ, భోజనాల దగ్గర నా పేరు అర్థంతో సహా మీ నోట చెప్పాలి. ఎవరూ తుంచకూడదని ఆజ్ఞ వెయ్యాలి. కాదంటే ఈ మఠంలో ఉండను."

"అలాగేనయ్యా," అన్నాడు గురువు.

పండగనాడు గురువు అన్నంత పనీ చేశాడు. మిరోస్వాఫ్ రొమ్ము విరుచుకుని కూర్చున్నాడు. అప్పుడు గురువు పెరట్లోకి వెళ్ళి, కనబడ్డ ప్రతివాడి పిక్కా పీకే పెద్దబాతును చంకనెత్తుకుని వచ్చాడు.

"ఇంత గొప్ప పేరు ఒక్కడికే ఎందుకు? నేటినుంచి ఇదీ మిరోస్వాఫే. దీని పేరూ ఎవరూ తుంచకూడదు."

మర్నాడు తెల్లారేసరికి మఠమంతా ఒకటే కేకలు.

"అమ్మో, మిరోస్వాఫ్ నా పిక్క పీకాడు!"

"మిరోస్వాఫ్‌ని గంపకింద మూయండ్రా!"

"ప్రార్థన గదిని మిరోస్వాఫ్ పాడుచేశాడు. ఎవరు కడుగుతారు?"

ఆజ్ఞ ఆజ్ఞే గనక అందరూ నిండు పేరే పలికారు.

మిరోస్వాఫ్ చేతిలో ఉలితోనే ఊగిపోతూ వచ్చాడు. గురువు బాతుకు గింజలు వేస్తున్నాడు.

"దానికా పేరు తీసెయ్యండి గురువుగారూ! అంత మంచి పేరు పెట్టినా దాని బుద్ధేమన్నా మారిందా?"

గురువు తలెత్తలేదు.

"తొందరపడకు. నీకు ఇరవయ్యేళ్ళు గడువిచ్చాను. దానికో వారమన్నా ఇవ్వు."