సూదిగుట్ట మీద పెడమొగమ్మ

సూదిగుట్టకు బస్సు ఆగే మలుపు నుండి అర మైలు నడక. మెట్లు నూట పద్దెనిమిది. పైన గుడి చిన్నది. ఒక గది, ముందు రాతి వసారా. లోపల విగ్రహం లేదు. గోడకు అద్దం వెనుక మూరెడు పట్టు గుడ్డ ఉంటుంది. దాని మీద పట్టు పోచలతో కుట్టిన ఒక తల ఉంటుంది. ఆ తల అటు తిరిగి ఉంటుంది. పాపిట, రెండు సుడులు, జడ వేయబోయే ముందు విప్పిన జుట్టు, చెవి వెనుక భాగం, ఇంతే మనకు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు మొహం కోసం గుడి వెనుకకు వెళ్లి చూస్తారు. అక్కడ బండ తప్ప ఏమీ లేదు. ఈమెనే పెడమొగమ్మ అంటారు. అమ్మ అలిగి అటు తిరిగిందని కొందరు చెబుతారు. అది తప్పు. అమ్మ ఎవరి మీదా అలగలేదు.

పూర్వం ఈ గుట్ట కింద పట్టు నేసేవారి పేట ఒకటి ఉండేది. అందులో చెంగమ్మ అనే విధవరాలు మగ్గాలకు పట్టు దారం తీసి బతికేది. ఆమెకు ఓబుళమ్మ అని ఒక్కతే కూతురు. ఆ పిల్ల తొమ్మిదో ఏట విషజ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. నెల తిరిగేసరికి చెంగమ్మకు ఒక సంగతి తెలిసింది. పిల్ల గొంతు గుర్తుకు రావడం లేదు. గొంతు పోయినట్టే మొహమూ పోతుందని ఆమెకు భయం పట్టుకుంది. అది పోకముందే గుడ్డ మీద నిలపాలని పంతం పట్టింది.

పేట చివర హుస్సేనమ్మ అనే దూదేకుల ముసలామె ఉండేది. సంస్థానం ఏనుగుల మీద కప్పే గుడ్డలకు ఆమె కుట్టిన చిలుకలను చూసి నిజం చిలుకలనుకుని పిల్లులు దూకేవట. కుంచెతో రంగు వేసినట్టుండేది ఆ కుట్టు. ఒక రంగు ఎక్కడ ఆగి మరొకటి ఎక్కడ మొదలైందో కంటికి దొరికేది కాదు. చెంగమ్మ వెళ్లి ఆమె ముందు కూర్చుంది.

"అవ్వా, చెంప కుట్టడం నేర్పు."

"ముందు ఆకు కుట్టు."

"ఆకుతో నాకేం పని?"

"మేక కూడా ఆకుతోనే మొదలుపెడతాది. కూచో."

ఆ విద్య ఇలా ఉంటుంది. ఒక పట్టు దారాన్ని పన్నెండు పోచలుగా విడదీసి, ఒక్క పోచను మాత్రమే సూదికి ఎక్కించాలి. ముడి వేయరాదు. మొదటి వరుసలో ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి పడాలి. రెండో వరుసలో సూది పాత కుట్టును చీల్చుకుని పైకి రావాలి. అలా వస్తేనే రంగులో రంగు కలిసిపోతుంది. చెంగమ్మది మగ్గాల మధ్య పెరిగిన చెయ్యి. పోగులన్నీ సమంగా ఉండాలని పుట్టినప్పటి నుండి నేర్చిన చెయ్యి. ఆమె తనకు తెలియకుండానే కుట్లన్నీ ఒకే పొడవున వేసేది. రెండు పచ్చలు కలిసిన చోట ఆకు మీద తిన్నగా ఒక గీత లేచేది. హుస్సేనమ్మ గోటితో ఆ గీతను తడిమేది.

"గట్టు పోసినావే చెంగీ. ఆకుకు నీళ్లు కడతావా ఏంది?" అని మొత్తం విప్పించేది.

ఆకుకు మూడేళ్లు పట్టింది. వంకాయ మీద వెలుగు పడిన చోట ఊదా నుండి తెలుపుకు పోవడానికి నాలుగేళ్లు పట్టింది. చిలుక మెడకు అయిదేళ్లు. చెంగమ్మ మానలేదు. రోజూ సూది పట్టే ముందు పిల్ల మొహాన్ని నోటితో అప్పజెప్పుకునేది: ఎడమ కనుబొమ్మ మీద అమ్మవారు పోసినప్పటి మచ్చ, పై వరుసలో విరిగిన పన్ను, నవ్వితే కుడి చెంపకే సొట్ట.

పన్నెండేళ్లు నిండిన తరువాత ఒక ఉదయం హుస్సేనమ్మ చిలుక మెడను తడిమి, "గట్టు లేదు. ఇంక చెంపకు పో" అంది.

చెంగమ్మ కొత్త గుడ్డ బిగించి, బొగ్గుతో గీయడానికి చెయ్యెత్తింది. గీత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కనుబొమ్మ మీద మచ్చ అనే మాట నోటికి వచ్చింది. మచ్చ కంటికి రాలేదు. విరిగిన పన్ను అనే మాట ఉంది, పన్ను లేదు. పన్నెండేళ్లు ఆమె మాటలను అప్పజెప్పుకుంటూ ఉండగా, ఆ మాటల వెనుక నుండి పిల్ల వెళ్లిపోయింది. ఏ ఏడు వెళ్లిందో కూడా ఆమెకు తెలియదు.

"అవ్వా, మొదటి ఏడే నన్ను చెంప కుట్టనిచ్చి ఉంటే?"

హుస్సేనమ్మ చాలాసేపు సూదులు సర్దుకుంది. "అప్పుడు నీకు మొహం ఉండె, చెయ్యి లేకపోయె. ఇప్పుడు చెయ్యి ఉంది. రెండూ ఒక్కసారి ఎట్లొస్తాయో నాకూ తెలీదు తల్లీ. తెలిసుంటే చెప్పనా?"

చెంగమ్మ గుడ్డా సూదులూ మూట కట్టుకుని, పై నుండి లోయలోకి పారేద్దామని గుట్టెక్కింది. మూటతో పాటు తానూ పోవాలనే అనుకుందని పెద్దలు చెబుతారు. ఎండకు కళ్లు తిరిగి, ఇప్పుడు గుడి ఆనుకుని ఉన్న బండ నీడలో కూలబడి నిద్రపోయింది. కలలో ఒక ఆడమనిషి వచ్చి, ఆమె మోకాళ్ల మధ్య అటు తిరిగి కూర్చుని, జుట్టు విప్పి, "దువ్వు" అంది. చెంగమ్మ దువ్వింది. దువ్వుతుండగా ఆమె అమ్మవారని తెలిసింది.

"తల్లీ, నా బిడ్డ మొహం ఇయ్యి."

"అది నా దగ్గర కూడా లేదు," అంది అమ్మ తల తిప్పకుండా. "నీ చేతిలో ఉన్నదాన్ని కుట్టు."

మెలకువ వచ్చేసరికి చెంగమ్మ వేళ్లు ఇంకా గాలిలో పాయలు తీస్తూ ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఆమె పిల్లను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. ఆ పిల్లను ఆమె ఎక్కువగా చూసింది వెనుక నుండే. రెండు సుడులు గుర్తున్నాయి. రెండు సుడులకు రెండు పెళ్లిళ్లని పేటంతా ఎగతాళి చేసేది, ఒక్కటీ కాలేదు. పాపిట ఎక్కడ వంకర పోతుందో గుర్తుంది. చెవి వెనుక దువ్వెన పడితే ఎంత గింజుకునేదో గుర్తుంది.

ఆ బండ నీడలోనే కూర్చుని మూడేళ్లు కుట్టింది. నలుపు అని మనం అనేది ఒక్క రంగు కాదు. ఎండ తగిలిన చోట ఎరుపు, నూనె పట్టిన చోట నీలం, మెడ దగ్గర పొగ రంగు. అద్దకం వాళ్ల చేత పదకొండు నలుపులు వేయించుకుంది. సుడి దగ్గర వెంట్రుక ఎటు తిరిగితే కుట్టునూ అటే తిప్పింది.

పని అయ్యాక పేటవారు హుస్సేనమ్మను బుట్టలో కూర్చోబెట్టి గుట్టెక్కించారు. అప్పటికి ఆమెకు చూపు లేదు. పాపిట నుండి కొసల దాకా వేళ్లతో తడిమింది.

"గట్టు లేదే," అంది. వేళ్లు తీసి, "పిలిచి చూడు. ఇటు తిరుగుతాదేమో" అంది.

చెంగమ్మ పేరు పెట్టి పిలిచింది. ఓబుళమ్మ తిరగలేదు. బతికినంత కాలం రోజూ పొద్దున ఒకసారి పిలిచేదట. ఆమె పోయాక పేటవారు ఆ గుడ్డ ఉన్న చోట నాలుగు గోడలు కట్టి దీపం పెట్టారు. అది బిడ్డ తలో, కలలో వచ్చిన తల్లి తలో వారు విడదీయలేదు. మనమూ విడదీయనక్కర లేదు.

నేటికీ ఇక్కడ హారతి అమ్మకు ఇవ్వరు. పూజారి కర్పూరం వెలిగించి భక్తుల వైపు తిరుగుతాడు. ఆ వెలుగులో ఎవరు ఎవరితో వచ్చారో వారి మొహం చూడాలి. కర్పూరం ఆరేదాకా చూపు తిప్పరాదు, మాట్లాడరాదు. సిగ్గుపడి నవ్వేవారుంటారు, నవ్వవచ్చు. తరువాత తల్లులు వసారాలో ఆడపిల్లలను ఎదురుగా, తమ వైపు తిప్పి కూర్చోబెట్టుకుని జడ వేస్తారు. అలా వేస్తే జడ సరిగా కుదరదు. ఈ గుట్ట దిగే పిల్లల జడలన్నీ వంకరగానే ఉంటాయి.

ఈ అమ్మ సంతానం ఇస్తుందని, రోగం తీస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. చూసిన మొహం చూసిన మేరకు గుర్తుంటుంది, అదే ఫలం. అదీ కొంతకాలమే. యుగాంతాన అమ్మ ఇటు తిరుగుతుందని ఈ మధ్య ఒక పాట కట్టారు. తిరగదు. పట్టు వెలిసిపోతోంది, పదకొండు నలుపుల్లో ఇప్పుడు ఏడే తెలుస్తున్నాయి. దాని మీద మళ్లీ కుట్టరాదని కట్టడి ఉంది.

ఒంటరిగా వచ్చినవారు వసారాలో కుడి వైపు నిలబడాలి. హుస్సేనమ్మ వంశపు ఆడమనిషి ఒకరు అక్కడ ఎప్పుడూ ఉంటారు. కర్పూరం ఆరేదాకా ఆమె మీ మొహం చూస్తుంది.