సింహముద్ర పిస్తోలు

పూర్వం చందనగిరి రాజ్యాన్ని ప్రతాప భూపతి ఏలుతుండేవాడు. ఆయన కొలువులో కూర్మన్న అని మాటకారి ఒకడుండేవాడు. రాజు మొహం ముడుచుకున్నప్పుడల్లా నవ్వించడమే అతని పని.

భూపతికి ఓడల్లో వచ్చిన సరుకంటే మహా మోజు. అంగరక్షకులందరికీ సింహముద్ర ఉన్న సీమ పిస్తోళ్లు తెప్పించాడు. సరిగ్గా అలాంటివే కొలిమిపేట కమ్మర్లూ చేసేవారు. పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉండేవి, ముద్ర ఒక్కటే తేడా.

ఆ ఏడు వానాకాలం వేటలో చిరుత రాజు మీదికి దూకింది. అడ్డం నిలబడ్డ అంగరక్షకుడు కూర్మన్న తమ్ముడు సింగన్న. అతని చేతిలో సింహముద్ర పిస్తోలు టిక్కుమంది గాని పేలలేదు. చిరుత అతన్ని చంపేసింది. వెనకున్న బంటు కొలిమిపేట పిస్తోలుతో దాన్ని కూల్చాడు.

ముచ్చటపడి తెప్పించుకున్న పిస్తోలుకు మాట రావడం భూపతికి గిట్టలేదు. పిస్తోలు మంచిదే, సింగన్న చెయ్యి వణికిందన్నాడు. పిరికివాడి ఇల్లని సింగన్న భార్య పోలమ్మ గడప ఎవరూ తొక్కలేదు. కూర్మన్న మాత్రం రోజూ కొలువుకు వెళ్లి నవ్విస్తూనే ఉన్నాడు.

ఒకనాడు భూపతి రెండు పిస్తోళ్లూ పళ్లెంలో పెట్టించి, ఏది గొప్పదో చెప్పమన్నాడు. సభంతా సింహముద్రనే మెచ్చుకుంది. కూర్మన్న వంతు వచ్చింది.

"పేరు సంగతి నాకు తెలీదు ప్రభూ. పెరట్లో బోనులో కొత్తగా పట్టిన చిరుత ఉంది. తమరు ఒక పిస్తోలు పట్టుకుని ఎదురుగా నిలబడండి. తలుపు నేను తీస్తాను" అన్నాడు.

సభ బిక్కచచ్చిపోయింది. కాదంటే పరువు పోతుందని భూపతి లేచాడు. సింహముద్ర పిస్తోలు అందుకుని పెరట్లోకి నడిచాడు. పళ్లెం పట్టుకుని సేవకుడు వెంట వెళ్లాడు. సన్నగా తుంపర పడుతోంది. బోనులో చిరుత గుర్రుమంది.

కూర్మన్న గడియ మీద చెయ్యి వేసి, కొద్దిగా జరిపాడు. ఇనుము కిర్రుమంది. భూపతి చేతిలోది పళ్లెంలో పడేసి, కొలిమిపేట పిస్తోలు లాక్కున్నాడు.

కూర్మన్న గడియ మళ్లీ బిగించాడు.

"తీర్పు తమ చెయ్యే చెప్పింది ప్రభూ. మా సింగన్నకు మాత్రం ఎంచుకునే వీలు లేకపోయింది."

భూపతి మొహం కందిపోయింది. తన చేతిలోని పిస్తోలు వంక చూసుకున్నాడు. దాచుకోవడానికి ఇంకేమీ మిగలలేదు గనక పకపకా నవ్వాడు. ఆయన నవ్వాడని సభంతా నవ్వింది. శాలువా తెప్పించి కూర్మన్నకు కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. సింగన్న పిరికివాడు కాదని ఊరంతా దండోరా వేయించమని కూర్మన్న వేడుకున్నాడు. అంతేనా అని భూపతి మళ్లీ నవ్వి, సరేనన్నాడు.

సాయంత్రం డప్పు వీధిలోకి వచ్చింది. తలుపు చాటున పోలమ్మ ఆ మాట చివరిదాకా విన్నది. కూర్మన్న గుమ్మంలో నిలబడి, రాజుగారు ఎలా ఒప్పుకున్నారో జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆమె తలుపు చాటునుంచి ఇవతలికి వచ్చింది.

"ఆయన ధైర్యవంతుడని చెప్పించడానికి, చంపించినవాణ్ణే నవ్వించాల్సి వచ్చిందా బావగారూ?"

మాటకారి కూర్మన్న శాలువా తీసి చంకన పెట్టుకుని, తుంపరలో తడుస్తూ ఇంటిదారి పట్టాడు.