పాతర మీద బోర్లించిన చేట

అనగనగనగా ఒక ఊరు. కథలు చెప్పేవాళ్ళు ఊరి పేరు దాచేస్తారు, నాకు దాచడం చేతకాదు. ఊరి పేరు ఎర్రదిన్నె. కాళ్ళు ముడుచుకుని పడుకో, చెప్తాను.

ఆ ఊళ్ళో నేల ఎర్రది, రాళ్ళు నల్లవి, మనుషులు గొప్పవాళ్ళు. గొప్పవాళ్ళని నేననడం లేదు, వాళ్ళే అనుకునేవాళ్ళు. వాన తక్కువ పడే ఊరు కదా. ఆ కొరతని మాటలతో పూడ్చుకునేవాళ్ళు.

ఊరందరికీ కలిపి ఒక పాతర ఉండేది. పాతరంటే ధాన్యం దాచుకునే గొయ్యి. లోతుగా తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు నింపి, మూతికి బండ పెట్టి మట్టితో మెత్తేస్తారు. పంట బాగా పండిన ఏడు ఇంటికొక గంప అందులో పోయాలి. మా గంప పెద్దదంటే మా గంప పెద్దదని పోటీలు పడి పోసేవాళ్ళు. పాతర నిండింది ఆ పోటీ వల్ల. మంచితనం వల్ల అని మాత్రం అనుకోకు.

పాతర జొన్నలకి ఒక గుణం ఉంది. చాలా ఏళ్ళు తినొచ్చు. కాస్త ముక్కిన వాసన వేస్తాయి, అంతే. కానీ విత్తితే మొలవవు. లోపలి వేడికి మొలక చచ్చిపోతుంది. అందుకని విత్తనాలు మాత్రం ఎవరింట్లో వాళ్ళు బూడిదలో కలిపి, ఎండిన సొరకాయ బుర్రలో పోసి, ఇంటి దూలానికి కట్టుకునేవాళ్ళు. ఈ ముక్క మర్చిపోకు. పాతరలోది తిండి. బుర్రలోది వచ్చే పంట.

పాతర తెరవడానికి ఒక పద్ధతి ఉండేది. ఎవరింట్లో గింజలు అయిపోతే వాళ్ళు పట్టపగలు చేట తీసుకెళ్ళి పాతర బండ మీద బోర్లించాలి. చేట బోర్లిస్తే, మా ఇంట్లో చెరగడానికి ఏమీ లేదని అర్థం. అప్పుడు ఊరి పెద్ద బండ తీయించి అందరికీ పంచుతాడు.

మంచి పద్ధతే. ఒకటే చిక్కు. తాతల నాటి నుంచీ ఒక్కరు కూడా చేట బోర్లించలేదు. జొన్నలు మరీ పాతబడితే పండగ చేసి తీసి, కొత్తవి పోసేవాళ్ళు గానీ, ఆకలేస్తోందని ఎవరూ తెరిపించలేదు. ముందు బోర్లించినవాళ్ళ పేరు ఊరు ఎప్పటికీ చెప్పుకుంటుందని అందరికీ తెలుసు. చెప్పుకునేది కూడా వాళ్ళే కదా.

అలా ఉండగా వాన తన అలవాటు మార్చుకుంది. ముందు ఏడు సగం పంటకి వచ్చి మాయమైంది. ఆ తర్వాతి ఏడు రోహిణి కార్తెలో నాలుగు చినుకులు రాల్చి, దుమ్ము తడిపి, అటే పోయింది. వాన అలవాటు మార్చుకుంది గానీ ఊరు మార్చుకోలేదు.

అప్పుడు ఇళ్ళల్లో గాదెలు అడుగంటాయి. అడుగంటాయని ఎవరూ చెప్పలేదు. చూసేవాళ్ళకి తెలుస్తుంది.

తిరుపాలు అని ఒకాయన ఉండేవాడు. పూటపూటా చెంబెడు నీళ్ళు తాగి, వీధరుగు మీద కూర్చుని, చీపురుపుల్లతో పళ్ళు కుట్టుకునేవాడు. ఆ పళ్ళల్లో ఏం ఇరుక్కునేదో దేవుడికి తెలియాలి. పక్కింటి లింగమ్మ రోట్లో పొట్టు పోసి రోకలితో దంచేది. ఉత్త రోలు దంచితే చప్పుడు తేడాగా ఉంటుందని ఆవిడ తెలివి. ఇక ఊరి పెద్ద కోనప్ప. ఆయనింటి పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు గానీ పచ్చి కంప ఎగదోసి ఊరందరికన్నా ఎక్కువ పొగ తెప్పించేవాడు. పెద్దరికం అంటే అదే మరి.

ఆ ఊళ్ళోనే మద్దమ్మ అని ఒక కోడలు ఉండేది. మొగుడు గొర్రెల్ని తోలుకుని మేత కోసం ఏటి వైపు పోయాడు. ఇంట్లో అత్త రంగమ్మ, చిన్నపిల్ల ఈరమ్మ. దూలానికి వేలాడే సొరకాయ బుర్ర. అంతే.

మృగశిర కార్తె వచ్చింది. వాన రాలేదు. మద్దమ్మ చేట తీసింది.

"ఎక్కడికే?" అంది అత్త.

"పాతర దగ్గరికి."

"మా అత్త హయాంలో గంజినీళ్ళు తాగి పడుకున్నాం గానీ చేట గడప దాటించలేదు. నువ్వు బోర్లించావంటే నేను మా పుట్టింటికి పోతా."

"మీ పుట్టింట్లో ఎవరున్నారత్తా?"

"ఎవరూ లేరు. అయినా పోతా."

మద్దమ్మ వినిపించుకోకుండా బయల్దేరింది. వీధి మలుపులో తిరుపాలు పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"ఏమ్మా కోడలా, చేట పట్టుకుని బయల్దేరావు?"

మద్దమ్మ నోరు ఆయన మొహం చూడగానే అడ్డం తిరిగింది. "పేడ అలికాను చిన్నమామా. ఎండలో పెడదామని."

"మీ పెరట్లో ఎండ లేదా?"

"ఉంది గానీ, మీ వీధిలో ఎండ చిక్కగా ఉంటుంది."

తిరుపాలు తన వీధి ఎండ వైపు ఒకసారి గర్వంగా చూసుకున్నాడు. మద్దమ్మ వెనక్కి వచ్చి, అన్న మాట కోసం చేటకి నిజంగానే పేడ అలికింది. ఆ పూట ముగ్గురూ చింతచిగురు ఉడకేసుకుని తిన్నారు.

ఆ తర్వాత ఆరుద్ర వచ్చింది. మబ్బులు వచ్చాయి, ఊరిని చూశాయి, పోయాయి. మద్దమ్మ మళ్ళీ చేట తీసింది. ఈసారి దొడ్డిదారిన పోయింది. అటునుంచి లింగమ్మ వస్తోంది, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని. మద్దమ్మ కూడా చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఇద్దరి వెనకా చేటలే. చేట ఎంతుంటుంది? మనిషి నడుము కన్నా వెడల్పు. ఎక్కడ దాగుతుంది?

"నీ దగ్గరికే వస్తున్నా," అంది లింగమ్మ. "కొత్త చేట అల్లించుకున్నా. నీకిద్దామని."

"నేనూ నీ దగ్గరికే అక్కా," అంది మద్దమ్మ. "మాది బాగా చెరుగుతుంది. నువ్వు వాడుకుంటావని."

ఇద్దరూ చేటలు మార్చుకున్నారు. ఒకరి సంసారం గురించి ఒకరు కుశలం అడిగారు. రెండిళ్ళల్లోనూ తిండికి లోటు లేదని చెప్పుకుని ఎవరింటికి వాళ్ళు వెళ్ళారు. ఎర్రదిన్నెలో అంత మర్యాదగా ఆకలేస్తుంది మనుషులకి.

లింగమ్మ చేటకి అంచున ఎర్రరంగు పూసి ఉంది. దాన్ని మద్దమ్మ గోడకి తగిలించింది.

ఆ తర్వాత పునర్వసు వచ్చింది. అప్పటిదాకా పొద్దస్తమానం అమ్మా ముద్ద, అమ్మా ముద్ద అని కొంగు లాగే ఈరమ్మ, ఆ రోజు అడగలేదు. గోడకి ఆనుకుని కూర్చుంది. ఈగ వచ్చి చెంప మీద వాలితే తోలలేదు.

మద్దమ్మ పిల్ల వైపు చూసింది. దూలం వైపు చూసింది. అప్పుడు రోలు బోర్లించి, దాని మీదెక్కి, సొరకాయ బుర్ర విప్పింది. కింద కూర్చుని మూతి తీసింది. బూడిదలో కొర్రలు, జొన్నలు, కందులు, అనుములు. ఒక కార్తెలో వాన మోసం చేస్తే ఇంకో కార్తెకైనా ఏదో ఒకటి పండుతుందని కలిపి ఉంచిన విత్తనాలు. అవి ఉడికిస్తే ఓ నాలుగు పూటలు గడుస్తాయి. ఆ తర్వాత వాన వచ్చినా చేలో చల్లడానికి ఏమీ ఉండదు.

మద్దమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టింది. గుప్పిట్లోకి గింజలు తీసింది.

రంగమ్మ మూలన కూర్చుని అంతా చూస్తోంది.

"చేట ఎక్కడ పెట్టావే?" అంది చివరికి.

"గోడకుంది."

"అయితే ఆ బుర్ర పైకి కట్టెయ్. చేట తీసుకుని పో."

"మరి నువ్వు పుట్టింటికి..."

"ఎక్కడికీ పోవడం లేదులే. ఓపికేదీ?"

మద్దమ్మ బుర్ర కట్టేసి చేట పట్టుకుని నడివీధిన నడిచింది. తిరుపాలు అరుగు మీద నుంచి ఏదో అడగబోయాడు. ఆవిడ నడక చూసి, పుల్ల నోట్లోనే ఉంచుకున్నాడు.

పాతర బండ మీద కోనప్ప కూర్చుని ఉన్నాడు. ఎవరూ సిగ్గు లేకుండా చేట తేకుండా కాపలా అని ఊళ్ళో చెప్పాడు. ఎవరైనా తెస్తారేమోనని ఎదురుచూస్తున్నాడని ఆయన పెళ్ళానికి తెలుసు. ఆవిడ చెప్పబట్టే మనకీ తెలుసు.

"లేవండి పెద్దమామా."

"ఎందుకమ్మా?"

"మీరు లేస్తే చేట పెడతా."

కోనప్ప లేచిన వేగానికి పైమీది తువ్వాలు బండ మీదే ఉండిపోయింది. మద్దమ్మ ఆ తువ్వాలు పక్కకి జరిపి, అందరూ చూస్తుండగా చేట బోర్లించింది. చప్పుడేమీ కాలేదు. చేటకి బరువెంత?

అప్పుడు లింగమ్మ కేకలేస్తూ పరిగెత్తుకొచ్చింది. "ఎర్రంచు చేట! అది నా చేట! నేను బోర్లించానని ఊరంతా అనుకుంటుందే తల్లీ!"

"చేట నీదే అక్కా," అంది మద్దమ్మ. "ఆకలి నాది."

లింగమ్మ చంకలో మద్దమ్మ చేట ఉంది. చేట మారినా ఆవిడ పని మారలేదు, రోజూ పాతర దాకా తెచ్చి తీసుకెళ్ళిపోతోంది.

"ఇది నీ చేట," అంది. అని, ఎర్రంచు చేట పక్కనే దాన్నీ బోర్లించింది.

ఆ తర్వాత తిరుపాలు వచ్చాడు. "ఇద్దరు ఆడకూతుళ్ళు ఒంటరిగా ఉంటే బాగుండదని," అంటూ తన చేట పెట్టాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. అందరూ తోడుగానే వచ్చారు, కావాలంటే వాళ్ళనే అడుగు. ఎవరికీ ఆకలి లేదు. కాసేపటికి చేటల కింద బండ కనపడలేదు.

అప్పుడు మట్టి పగలగొట్టి బండ తీశారు. పాతర తెరవగానే దిగకూడదు. లోపల చెడుగాలి ఉంటుంది, మనిషిని పడేస్తుంది. తాడు కట్టి దీపం దించారు. దీపం ఆరిపోయింది. ఆగి మళ్ళీ దించారు. మళ్ళీ ఆరిపోయింది. పూటపూటా కడుపు నిండినట్టు పళ్ళు కుట్టుకున్న తిరుపాలు ఇంక ఆగలేక ఒక కాలు లోపల పెట్టేశాడు. పంచె పట్టుకుని వెనక్కి లాగారు. మనిషి దక్కాడు, పంచె మాత్రం చిరిగింది. మూడోసారి దీపం వెలుగుతూ నిలబడింది. అప్పుడు దిగారు.

ఆ పూట ఎర్రదిన్నెలో ప్రతి ఇంటి నుంచీ ముక్కిన జొన్నల వాసన వచ్చింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఈరమ్మకి ముందు గంజి, ఆ తర్వాత మెత్తటి సంకటి పెట్టారు. మర్నాడు పొద్దున అమ్మా ముద్ద అని కొంగు లాగింది. మద్దమ్మ ఆ కొంగు కొసని చాలాసేపు విడిపించుకోలేదు.

ఆ తర్వాత పుష్యమి కార్తెలో వాన వచ్చింది. నాగలి దిగేంత పదును వాన. మద్దమ్మ బుర్ర దించి చేను విత్తింది. ఇంకొన్ని ఇళ్ళవాళ్ళూ విత్తారు. మిగతావాళ్ళు నాగళ్ళు పట్టుకుని గట్ల మీద నిలబడ్డారు. వాళ్ళ బుర్రలు ఉత్తవి. సిగ్గుపడి పాతర తెరవలేదు, చాటుగా విత్తనాలు వండుకు తినేశారు. అందరికన్నా ముందు తిన్నది కోనప్ప. ఊరి పెద్ద కదా, అన్నిట్లోనూ ముందే ఉంటాడు.

మద్దమ్మ అడిగినవాళ్ళకి తలా పిడికెడు ఇచ్చింది. పిడికెడు ఎంతవరకు వస్తుంది? ఆ ఏడు ఎర్రదిన్నెలో సగం చేలు పచ్చగా, సగం ఎర్రగా మిగిలాయి. ఎవరు విత్తనం తిన్నారో దారిన పోయేవాళ్ళకి కూడా కనిపించేది. కోనప్ప చేను బాట పక్కనే ఉండేది. ఆయన చుట్టుదారిన తిరగడం మొదలుపెట్టాడు, నడక ఒంటికి మంచిదని.

పంట నూర్పయ్యాక అందరూ పాతర దగ్గర చేరారు. మద్దమ్మ లేచి చెప్పింది.

"అడిగితేనే తెరుస్తామంటే ఈ ఊళ్ళో ఎవరూ అడగరు. అడిగేలోపు బుర్రలు ఖాళీ అవుతాయి. అందుకని అడగకుండానే తెరవండి. ఆరుద్ర దాటినా పదును వాన పడలేదంటే బండ తీసెయ్యాల్సిందే. ముందు పెద్దమామ ఇంటికి కొలవాలి, ఆ తర్వాత వరసగా అందరికీ. ఉన్నవాళ్ళూ తీసుకోవాలి."

"ఉన్నవాళ్ళకెందుకమ్మా?" అన్నాడు తిరుపాలు.

"ఎవరికి ఉందో, ఎవరికి లేదో తెలియకుండా ఉండడానికి, చిన్నమామా."

తిరుపాలు వెంటనే ఒప్పుకున్నాడు. ఇంత మంచి ఆలోచన తనకి ముందే వచ్చిందని కోనప్ప అన్నాడు. ఇప్పటికీ ఆయన మనవలు అదే చెప్తారు.

కొన్నేళ్ళకి వాన మళ్ళీ మొహం చాటేసింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది. ఆరుద్ర పోయిన మర్నాడే బండ తీశారు. వరసలో కోనప్ప తర్వాత నిలబడింది ఎవరనుకున్నావు? రంగమ్మ. చేట వెల్లకిలా పట్టుకుని, మాకేదో తక్కువై వచ్చాననుకున్నారేమో, పద్ధతి కాబట్టి వచ్చానని నలుగురికీ వినపడేలా చెప్తూ నిలబడింది. నలుగురూ అదే మాట అంటూ నిలబడ్డారు.

ఆ ఏడు దూలాల మీంచి ఒక్క బుర్ర కూడా దిగలేదు. ఆలస్యంగా వాన వచ్చినప్పుడు అన్ని ఇళ్ళల్లోనూ ఒకేసారి దించారు. కోనప్ప చేను కూడా పచ్చబడింది. ఆయన మళ్ళీ బాట మీదే నడిచాడు. చుట్టుదారిలో ముళ్ళున్నాయట.

ఇక ఈరమ్మ సంగతి. ఆ పిల్ల పూటకి రెండు ముద్దలు తిని, మూడో ముద్ద అడిగి అడిగి ప్రాణం తీసేది. ఆ ఇంట్లో ఎవరూ ఒక్కసారైనా విసుక్కోలేదు.

అంతే. కళ్ళు మూసుకో ఇంక.

కథేమో కంచికి,
చేటేమో గోడకి,
బుర్రేమో దూలానికి,
మనమేమో నిద్రకి.